బ్రాట్ వరుస

కుప్పం
జులై 4

వదినకు జెమీమా వందనాలు.

రిటైరై ఏడాదైనా నీకు తీరిక దొరకలేదని అన్న చెప్పినాడు. పొద్దున సీరియల్, మధ్యాన్నం అదే సీరియల్ ఇంకోసారి, సాయంత్రం రేపేమవుతుందోనని దిగులు. ముప్పై ఏండ్లు బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పించిన మనిషివి, ఇప్పుడు టీవీ ముందర కూసోని సోఫా కవర్లకు రెండోసారి కుట్లు వేస్తాండావంట. నీ పరిస్థితి చూసి జాలిపడి ఒక పని అప్పజెప్తాండా.

మన హెప్సిబాకు ఒక సంబంధం వచ్చింది. తెచ్చింది మా పాస్టరమ్మ. ఆయమ్మ తెచ్చే సంబంధాల సంగతి నీకు తెలుసు. పోయినసారి తెచ్చిన ఇంజనీరుకు అప్పటికే పెండ్లయి ఉండె. ఆ ఒక్క లోపం తప్పిస్తే బంగారంలాంటి బిడ్డ. ఈసారి అబ్బాయిది పుంగనూరు. పేరు శరత్ బాబు, ముప్పై రెండేండ్లు. 'ఫుడ్ టెక్నాలజీ, జర్మనీలో అనుభవం, సొంత కంపెనీ, బెంగుళూరుకు సప్లై' అని బయోడేటాలో రాసినారు. ఏం సప్లై అనేది మాత్రం మన విశ్వాసానికే వదిలిపెట్టినారు. ఫోటోలో తెల్ల కోటు, తలకు వలటోపీ, చేతులకు రబ్బరు తొడుగులు. డాక్టరనుకుందామంటే స్టెతస్కోపు లేదు, బ్యూటీపార్లర్ అనుకుందామంటే అద్దం లేదు.

మీకు పుంగనూరు గంట ప్రయాణం. పోయి గమ్మున విచారించు. ఏం అమ్ముతాడు, ఎట్ల మాట్లాడతాడు, వాళ్ళ తాతది ఏ ఊరు. మనమెవరో మాత్రం తెలీకూడదు.

ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వొద్దు. నా వాట్సాప్ హెప్సీ లాప్‌టాప్‌లో కూడా తెరుచుకుంటాది, పిల్ల పలమనేరు రూములో కూసోని నా గుడ్‌మార్నింగులన్నీ చదువుతాది. ఫోన్లో మాట్లాడదామంటే మా ఇంటాయన, మీ రాజేంద్రన్న, స్పీకర్ పెట్టమంటాడు, ఆయప్ప కడుపులో మాట నిలవదు. విషయం తేలేవరకు హెప్సీకి తెలీడం నాకిష్టం లేదు. ఆ డెయిరీ ల్యాబులో పాలను పరీక్ష చేసినట్టే సంబంధాలను కూడా పరీక్ష చేసి పారబోస్తాది.

జవాబు ఇంటికి కాదు, బడి అడ్రసుకు రాయి. హెడ్‌మిస్ట్రెస్ పేరు మీద కవరొస్తే ఆడిట్ నోటీసనుకొని ఎవరూ ముట్టుకోరు.

అన్నకు వందనాలు. షుగరు ఎంతుందని అడగను, ఆయన చేత అబద్ధం చెప్పించడం నాకిష్టం లేదు.

జెమీమా

*

మదనపల్లె
జులై 19

జెమీమాకు మీ వదిన వందనాలు.

సోఫా కవర్లకు రెండోసారి కాదు, మూడోసారి. విచారణలు చేయించే మనిషివి, వివరాలు సరిగ్గా రాయాల.

నీ అల్లుడు కాబోయేవాడి కోసం పుంగనూరు దాకా పోనక్కర్లేదు. ఆదివారమైతే ఈడనే బెంగుళూరు రోడ్డులో ఐసు పెట్టె, చిన్న బల్ల పెట్టుకొని కూసుంటాడు. నేను చర్చి నుంచి నేరుగా పోయినా. మనమెవరో తెలీకూడదన్నావు కదా, మారువేషం కోసం నల్లద్దాలు పెట్టుకున్నా. ఇంట్లో ఉండేవి కాటరాక్టు ఆపరేషన్ చేసినోళ్ళు ఇచ్చినవే. నన్ను చూసి ఆ బిడ్డ లేసి కుర్చీ వేసి, "కంటికి ఆపరేషన్ ఎప్పుడైంది ఆంటీ, ఎండలో తిరగకూడదు కదా" అన్నాడు. మారువేషం అంత బాగా కుదిరింది.

వాడు అమ్మేది సాసేజీలు. అంటే పేగులో మసాలా కైమా కూరి, కొసలు మెలిపెట్టి, వేలెడు లావున మాలగా చేస్తారు. అందులో ఒక రకం పేరు బ్రాట్‌వర్స్ట్. జర్మనీలో పనిచేసినప్పుడు నేర్చుకున్నాడంట. మీ అన్నకు నోరు తిరగక 'బ్రాట్ వరుస' అంటాడు. అది మనకు ఏ వరుస అవుతుందో, బావా మామా అని పొద్దున్నుంచి అడుగుతాండాడు.

ప్యాకెట్లు మూడు నా ముందర పెట్టి, ఏది కావాలన్నాడు. అన్నీ ఒకటే మాదిరి ఉండాయే అన్నా. "లేదాంటీ. ఇది ముందే ఉడికించింది, వేడి చేస్తే చాలు. ఇది మెత్తగా రుబ్బింది. ఇది పచ్చిది, ముక్క తగుల్తాది, రుచెక్కువ, కానీ ఓపిక కావాల" అన్నాడు. నా ఓపిక గురించి నువ్వు మొదటి పేరాలోనే రాసినావు కాబట్టి పచ్చిదే తీసుకున్నా. ఎట్ల ఏరాలో కూడా చూపించినాడు. వేలితో నొక్కితే బిగువుగా ఉండాలంట, తోలు కింద గాలి బుడగ ఉండకూడదు, ప్యాకెట్టు అడుగున నీళ్ళు చేరకూడదు, రంగు లేత గులాబీగా ఉండాల గానీ బూడిద రంగుకు తిరగకూడదు. మూట విప్పి వాసన చూడమన్నాడు. మరువం వాసన. పూలదండలో గుచ్చే మరువమే. జర్మనీవాళ్ళు దాన్ని తలలో పెట్టుకోకుండా కైమాలో వేస్తారంట.

ఈ సందట్లో మీ తాతది ఏ ఊరు నాయనా అని అడిగేసినా. నిమ్మనపల్లె అన్నాడు, నీ పుట్టినూరే. యాల అడుగుతాండారని అనలేదు. మర్యాద తెలిసిన బిడ్డ.

ఇంక కాల్చిన సంగతి. గ్యాసు మీద పుల్కా జాలి పెట్టి, మంట పూర్తిగా తిప్పి, లోపల ఉడకాలని ఫోర్కుతో వంకాయను పొడిచినట్టు పొడిచి పెట్టినా. కొవ్వు కారి మంట మీద పడింది. మంట లేసి కిటికీ కర్టెన్ అందుకుంది. అదే, నువ్వు గృహప్రవేశానికి ఇచ్చిన ఆకుపచ్చది. దేవునికి స్తోత్రం, అది మాత్రం మిగల్లేదు. మీ అన్న బకెట్టు నీళ్ళు తెచ్చి స్టవ్ మీద కుమ్మరించినాడు. సాసేజీ పైన బొగ్గు, లోపల పచ్చి. స్టవ్ తడి ఇంకా ఆరలేదు. హోటలు ఇడ్లీ తింటాండాము. నీ సంబంధం వల్ల ఇప్పటికి మాకు జరిగిన మేలు ఇది.

అబ్బాయి మాట మెల్లగా ఉండాది, పండ్లు వరుసగా ఉండాయి, చొక్కా ఇస్త్రీ చేసుండాది.

ఫ్లారెన్స్

*

కుప్పం
జులై 27

వదినా,

నాలుగు పేజీలు రాసినావు. కర్టెన్ రంగు రాసినావు. పండ్ల వరుస రాసినావు. మరువం గురించి బైబిల్ స్టడీ చేసినావు. ఏం మాంసమో రాయలేదు.

నువ్వు మరిచిపోయే మనిషివి కాదు. నా పెండ్లిలో ఎవరికి ఏ ముక్క పడిందో ముప్పై ఏండ్ల తర్వాత కూడా చెప్తావు. ఒక్క మాటలో రాయి. పోస్టుకార్డు చాలు.

జెమీమా

*

మదనపల్లె
ఆగస్టు 8

జెమీమాకు,

పంది.

ఒక్క మాటలో రాయమన్నావు, రాసినా. రవ్వంత నీళ్ళు తాగి మిగతాది చదువు.

మాడిపోయిన ముక్కను టిఫిన్ బాక్సులో పెట్టుకొని, డబ్బులు దండగ చేయించినావని తిట్టేదానికి మళ్ళా పోయినా. వాడు దాన్ని డాక్టరు ఎక్సరే చూసినట్టు వెలుతురుకు పట్టి చూసినాడు.

"ఫోర్కుతో పొడిచినారా ఆంటీ?"

"లేదే."

వాడు ముక్కలో బొక్కలు నా వైపు తిప్పినాడు.

తర్వాత చెప్పినాడు. పొడిస్తే రసమంతా కారిపోయి మంట లేస్తాదంట. ఫ్రిజ్జులోంచి తీసి కొంచేపు బయట పెట్టాల. పచ్చిది కాబట్టి ముందు నీళ్ళల్లో ఉల్లిపాయ, మిరియాలు వేసి, ఆ నీళ్ళు బుడగలొచ్చి తెర్లకుండా ఆవిరి వచ్చేంత వేడిలో మెల్లగా ఉడకనీయాల. తెర్లితే తోలు పగుల్తాది. తీసి, తడి తుడిచి, అప్పుడు నిప్పుల మీద. మా ఇంట్లో నిప్పులు యాడివి అంటే, "కుంపటి లేదా" అన్నాడు. అటక మీద మీ అమ్మ కుంపటి ఉండాది కదా, దాన్ని దించి మిద్దె మీద పెట్టినాము. బొగ్గులు ఎర్రగా ఉన్నప్పుడు కాదు, పైన బూడిద పట్టినాక. బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, రెండో పక్క ఖాళీ పెట్టాల. ఖాళీ పక్కన మెల్లగా కాలనిచ్చి, చివర్లో నిప్పుల మీదికి జరిపి రంగు తెప్పించాల. పట్టుకారుతోనే తిప్పాల. మీ అన్న విసనకర్ర పట్టుకున్నాడు. షుగరు, బీపీ, మోకాలు అన్నీ మరిచిపోయి మిద్దె మెట్లు ఎక్కినాడు.

కొరికితే తోలు టప్పుమని తెగింది. లోపల రసం. మిరియాలు, జాజికాయ, ఆ మరువం. ఆవాల ముద్దతో తినాలన్నాడు గానీ నేను టమోటా చట్నీ చేసినా, ఈ ఊర్లో దానికి కరువా. బేకరీ బన్ను మధ్యలో పెట్టి మీ అన్నకు ఇచ్చినా. వంక పెట్టకుండా తిన్నాడు. మా కాపురంలో ఇదే మొదటిసారి. వండింది నేనే అయినా చేసింది వేరేవాళ్ళు కదా, అందుకు.

నువ్వు ఈపాటికి కుర్చీలోంచి లేసి ఉంటావు. కూసో. నిమ్మనపల్లెలో అత్తమ్మ క్రిస్మస్‌కు ఏం వండేదో నాకు తెలుసు. కొత్త కోడలిగా ఆ కూర కలిపింది నేను. వీధిలో అడిగినోళ్ళకు పొట్టేలు మాంసమని చెప్పొచ్చేది నువ్వు.

అబ్బాయి షెడ్డు పుంగనూరు బైపాస్ పక్కన ఉండాది. పోయి చూసినా. మా ఇంటి వంటగది కంటే శుభ్రంగా ఉండాది. మీ ఇంటి వంటగది సంగతి నేనెత్తను.

ఫ్లారెన్స్

*

కుప్పం
ఆగస్టు 17

గౌరవనీయులైన కుంపటి కమిటీ అధ్యక్షురాలు ఫ్లారెన్స్ గారికి,

పొట్టేలు అని చెప్పిన మాట నిజం. అప్పుడు నాకు పదేండ్లు. ఇప్పుడు నేను మూడువందల మంది పిల్లలకు హెడ్‌మిస్ట్రెస్‌ను, రాజేంద్ర గారి భార్యను, అన్నిటికంటే ముఖ్యంగా దానమ్మ గారి మరదలిని. మా పెద్దాడబిడ్డ దానమ్మ సంగతి నీకు కొత్తగా చెప్పాలా. మా పెండ్లప్పుడు మన ఇంటివాళ్ళు ఏం తింటారో ఆరా తీసేదానికి ఆయమ్మ నిమ్మనపల్లెకు మనిషిని పంపించింది. ఆ మనిషికి అమ్మ కోడికూర పెట్టి పంపింది కాబట్టి నా కాపురం నిలబడింది. ఇప్పుడు నేను పోయి, అక్కా, మా అల్లుడు పందిమాంసం వ్యాపారి, కావాలంటే హోల్‌సేల్‌లో ఇప్పిస్తా అని చెప్పాలనా.

ఫైలు మూసేసినా. జాతకాలు కలవలేదని చెప్పుకొనే అదృష్టం మనకు లేదు కాబట్టి, 'ప్రార్థనలో ఒప్పుదల రాలేదు' అని పాస్టరమ్మకు చెప్పినా. దేవుని మీదికి తోసేస్తే ఎవరూ మళ్ళా అడగరు. ఆయమ్మ కండ్లు తుడుచుకొని, మేం కూడా ప్రార్థిస్తామనింది. ప్రార్థించనీ.

నువ్వింక ఆ బల్ల దగ్గరికి పోవద్దు. కుంపటిని అటక మీద పెట్టు. అన్నను మిద్దె మీద నుంచి దించు. కర్టెన్ కొత్తది పంపిస్తా, ఈసారి కాలని గుడ్డది.

జెమీమా

*

కుప్పం
సెప్టెంబరు 21

వదినా,

నెల దాటింది, జవాబు లేదు. సీరియల్ ముగింపుకు వచ్చి ఉంటాది, నీకు తీరిక లేకపోయి ఉంటాది.

మా సైన్సు టీచరు మదనపల్లెలో పెండ్లికి పోయొచ్చింది. బెంగుళూరు రోడ్డులో ఒకావిడను చూసిందంట. తెల్ల ఏప్రాన్ కట్టుకొని, కుంపటి ముందర నిలబడి, కొనేదానికి వచ్చిన పోలీసాయన్ను పట్టుకొని, "ఇంట్లో కాల్చేటప్పుడు పొడవొద్దని ఎన్నిసార్లు చెప్పాల నీకు" అని తిడతాండాదంట. అంచు వంకరగా కుట్టిన పిల్లను తిట్టినట్టు ఉండాది ఆ గొంతు అనింది. "మీ వదిన మాదిరే ఉండారు మేడం" అనింది. మా వదిన కాదులే, ఆయమ్మ సంఘంలో పెద్దమనిషి, స్త్రీల సమాజం ట్రెజరరు అని చెప్పినా.

ఆ పెద్దమనిషి ఎవరో నీకు తెలిస్తే రాయి. పక్కన కూసోని బన్నులు కోస్తాండే బట్టతలాయన ఎవరో కూడా.

జెమీమా

*

పుంగనూరు
అక్టోబరు 9

జెమీమాకు,

పైన ఊరి పేరు చూసి కండ్లద్దాలు తుడుచుకోవద్దు. సరిగ్గానే రాసినా. షెడ్డులో బల్ల మీద కూసోని రాస్తాండా. కైమా మిషన్ కడుగుతాండారు, అది ఆరేలోపల ఈ ఉత్తరం ముగించాల.

ఆ ఏప్రాన్ ఆవిడ నేనే. ఆ బట్టతల మీ అన్నదే.

నువ్వు ఫైలు మూసినాక, పాపం ఒక మాట చెప్పొద్దామని ఈడికి వచ్చినా. శరత్ సాసేజీల మాల కడతాండాడు. ఒకటి పొట్లకాయంత, పక్కది బెండకాయంత. కాల్చేటప్పుడు పొట్టిది మాడిపోయి పొడుగుది పచ్చిగా ఉంటాదని నాకే తెలుస్తాండాది, వాడికి తెలీదా. తెలుసంట, చేతులు మాట వినవంట. నేను చూస్తా నిలబడలేకపోయినా. ఇటియ్యి అని తీసుకున్నా. జానెడు కొలిచి రెండు మెలికలు ముందుకు, పక్కదానికి రెండు మెలికలు వెనక్కు. సాయంత్రానికి బల్ల నిండా ఒకటే కొలత. ముప్పై ఏండ్లు ఊర్లో పిల్లల లంగాలకు కుచ్చులు పెట్టిన చేతులు ఇవి. ఏడాది నుంచి ఇవి ఏం చేయాలో తెలీక సోఫాల మీద పడినాయి. ఇప్పుడు వారానికి మూడు దినాలు ఈడ కడతా, ఆదివారం ఆడ కాలుస్తా. నీకు రాయలేదు. రాస్తే వద్దంటావు, వద్దంటే మానుకోవాల్సి వస్తాది.

నేను దాచింది ఇదీ. ఇంక నువ్వు దాచింది.

పోయిన గురువారం ఈ షెడ్డుకు హెప్సీ వచ్చింది. పలమనేరులో సెలవు పెట్టి బస్సెక్కి వచ్చింది. మీ పాస్టరమ్మ దానికి ఫోన్ చేసి, "పుంగనూరు సంబంధానికి ఒప్పుదల రాలేదని దిగులుపడొద్దమ్మా, దేవుడు వేరే దారి చూపిస్తాడు" అని ఓదార్చిందంట. ఆ పిల్లకు సంబంధమనేది ఒకటుందనే తెలీదు. తన పేరు మీద ఎవరినో పిలిచి ఎవరినో కాదన్నారు, పోయి ఆ మనిషికి సారీ చెప్పొద్దామని వచ్చింది. లోపలికొచ్చి, ఏప్రాన్‌లో నన్ను చూసింది.

"అత్తా, నువ్వేంది ఈడ?"

నేనేం చెప్పాల. మీ అమ్మ నన్ను వేగు చూడమని పంపించింది, నేను ఉద్యోగంలో చేరిపోయినా అని చెప్పినా. రవ్వంత నవ్వింది. తర్వాత ఏడ్చింది.

ఈస్టరప్పుడు నీకు చెప్పిందంట కదా. రెండేండ్లు పెండ్లి మాట ఎత్తొద్దు, ల్యాబులో ప్రమోషన్‌కు పెద్ద పరీక్ష రాయాల, నేనే చెప్తా అప్పుడు చూడండి అని. నువ్వు సరే అన్నావంట. దాని చెయ్యి పట్టుకొని మాటిచ్చినావంట. ఇచ్చి, మూడు నెలలు తిరక్కుండానే నాకు ఉత్తరం రాసినావు. వాట్సాప్, స్పీకర్ అని కతలు చెప్పినావు. నేను నల్లద్దాలు పెట్టుకొని పోయింది పుంగనూరు అబ్బాయి మీదికి కాదు జెమీమా, మన హెప్సీ మీదికి. అది నాకు చెప్పకుండా చేయించినావు. నాకు బిడ్డల్లేరు, దాన్ని నేను వేలు పట్టుకొని నడిపించినా. "నీకు కూడా తెలిసే చేసినావా అత్తా" అని అది నన్ను అడిగితే, లేదు అని చెప్పేదానికి నాకు సిగ్గేసింది.

శరత్‌కు కూడా చెప్పేసినా, నేనెవరో. "తెలుసాంటీ, మొదటి రోజే తెలుసు. సాసేజీలు కొనేవాళ్ళెవరూ మా తాతది ఏ ఊరని అడగరు" అన్నాడు. అయినా వాడికీ ఇప్పుడు పెండ్లి తొందర లేదంట, వాళ్ళమ్మ పోరు పడలేక ఫోటో ఇచ్చినాడంట. హెప్సీ సారీ చెప్తే వాడు టీ ఇచ్చినాడు. పిల్ల ఊరికే ఉంటుందా, పోతా పోతా చల్లగదిలో థర్మామీటరు చూసి, "రెండు డిగ్రీలు తప్పు చూపిస్తాండాది, మార్చండి" అనింది. వాడు మార్చినాడు. అంతే. ఇంకేదో ఊహించుకోవద్దు, ఏమీ లేదు.

మిషన్ ఆరింది. పోతాండా.

ఫ్లారెన్స్

*

కుప్పం
అక్టోబరు 15

ఫ్లారెన్స్ గారికి,

మీ ఉత్తరం అందినది. మా కుమార్తె విషయాలు మేము చూసుకోగలము. మీరు మీ ఉద్యోగమును శ్రద్ధగా చేసుకొనగలరు. ఇంతవరకు మీరు తీసుకున్న శ్రమకు కృతజ్ఞతలు.

హెప్సిబా రెండు శనివారాలుగా ఇంటికి రాలేదు. మీ వద్దకు వచ్చినచో, దాని స్వెట్టర్ ఇక్కడ ఉన్నదని తెలుపగలరు. చలి మొదలైనది.

ఇట్లు,
జెమీమా
ప్రధానోపాధ్యాయురాలు

*

మదనపల్లె
అక్టోబరు 22

జెమీమా,

'మీరు' అని రాసినావు. అది చదివి మీ అన్న అన్నం ముట్టలేదు. అంటే, ముట్టినాడు, పెరుగు వేసుకోలేదు. అంత బాధపడినాడు.

హెప్సీ శనివారాలు ఈడికి వస్తాండాది. బాగుండాది. నువ్వు అడగలేదు, నేనే చెప్తాండా. నా స్వెట్టర్ వేసుకుంటాండాది, చేతులు పొట్టి.

దానికి ఒక ఫోన్ చెయ్యి. క్షమాపణ అవీ వద్దు, నీకు రావు. చెప్పబోయి ఉపన్యాసం ఇస్తావు. ఊరికే, తిన్నావా అని అడుగు. వచ్చే నెల వాళ్ళ నాయన పుట్టినరోజు. ఇంట్లో ప్రార్థన కూడిక పెడతారు కదా. అది ఆ దినానికి వస్తాననింది, నాయన కోసం. దాని చేత ఐసు డబ్బాలో రెండు ప్యాకెట్లు పంపిస్తా. పారేస్తావో వండుతావో నీ ఇష్టం. వండితే మాత్రం పొడవొద్దు.

ఫ్లారెన్స్

*

కుప్పం
నవంబరు 17

వదినా,

నీ ప్యాకెట్లు అందినాయి. పొడవలేదు. ఒక్కటి పొడిచినా, నువ్వు చెప్పింది నిజమో కాదో చూసేదానికి. నిజమే.

మొదట ఫోన్ సంగతి. చేసినా. తిన్నావా అని అడిగినా. "తిన్నా" అని పెట్టేసింది. మరుసటి దినం మళ్ళా చేసినా. "తిన్నా" అనింది. ఇట్ల పది దినాలు నా బిడ్డ భోజనం చేస్తాండాదనే ఒక్క విషయం మాత్రం నాకు రూఢిగా తెలిసింది. పుట్టినరోజు నాడు పొద్దున్నే వచ్చింది. నాయనకు చొక్కా తెచ్చింది. నా చేతికి ఐసు డబ్బా ఇచ్చి, "అత్త ఇమ్మనింది" అని వంటింట్లోకి పోయింది. ఇంట్లో తిరుగుతాండాది, పని చేస్తాండాది, ఏమడిగినా జవాబు చెప్తాండాది. బ్యాంకు కౌంటర్లో అమ్మాయి చెప్పినట్టు చెప్తాండాది.

సాయంత్రం కూడికకు హాలు నిండా జనం. పాస్టరమ్మ, మా టీచర్లు, దానమ్మ, ఆయమ్మ కోడళ్ళు. ప్రార్థన అయింది, కేకు కోసినారు. దానమ్మ నా పక్కన కూసోని, అందరికీ వినపడేంత గుట్టుగా అడిగింది. "ఏం జెమీమా, మీ వదిన మదనపల్లె బజార్లో నిలబడి పందిమాంసం కాలుస్తాండాదంటనే. కూటికి లేక పోయిందా ఏంది పాపం."

ఎవరేమన్నా నా దగ్గర జవాబుంటాదని నీకు తెలుసు. ఆ జవాబుల్లో సగం నీ మీదనే వాడినా. ఆ పొద్దు మాత్రం నాకు పదేండ్ల పిల్ల మాదిరి 'కాదు, పొట్టేలు' అని చెప్పాలనిపించింది. నాలిక మీదికి వచ్చింది కూడా. వంటింటి గడప దగ్గర ప్లేట్లు పట్టుకొని హెప్సీ నిలబడుండాది. నేనేం చెప్తానో అని చూడ్డం లేదు. నేనేం చెప్తానో దానికి తెలిసిపోయినట్టు తల దించుకొని ఉండాది.

"అవునక్కా, కాలుస్తాండాది" అన్నా. దానమ్మను నేను అక్కా అనే పిలుస్తా, వదిన అనే మాట నీకొక్కదానికే పెట్టుకున్నా. "బాగా కాలుస్తాండాది. కూటికి లేక కాదు, చేతనై. రిటైరైనాక మనమంతా ఇంట్లో కూసోని పక్కవాళ్ళ కూట్లో ఏముందో చూస్తాంటే, మా వదిన ఒక పని నేర్చుకొని పదిమందికి నేర్పిస్తాండాది. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ పందిమాంసం తిన్నాము. మా అమ్మ బాగా వండేది. మీ మనిషి వచ్చిన దినం మాత్రం కోడికూర పెట్టింది."

ఎట్లాగూ మునిగినా కాబట్టి ఇంకో మాట కూడా చెప్పేసినా. పాస్టరమ్మ వైపు తిరిగి, "పుంగనూరు సంబంధానికి ప్రార్థనలో ఒప్పుదల రాలేదని చెప్పినా కదమ్మా, నేను ప్రార్థనే చేయలేదు. ఆ సంబంధం నా బిడ్డకు చెప్పకుండా చూసినా. అది వద్దన్న పని చేసినా. ఇంక దానికి సంబంధాలు తేవొద్దు. కావాలంటే అదే చెప్తాది" అన్నా. పాస్టరమ్మ, "స్తోత్రం" అనింది.

అప్పుడు మీ రాజేంద్రన్న, పెండ్లయినప్పటి నుంచి అక్క ముందర నోరెత్తని మనిషి, "అవి డబ్బాలో ఉండాయంట కదా, కాల్చరాదా" అన్నాడు.

కాల్చినా వదినా. కుంపటి లేదు, పెరట్లో ఇటుకలు పేర్చి జాలి పెట్టినా. నువ్వు రాసినట్టే, బొగ్గులు ఒక పక్కకు నెట్టినా. ఇది పందిమాంసం, మా వదిన చేతి పని అని చెప్పే పెట్టినా. పాస్టరమ్మ రెండు తినింది, ఒప్పుదల వెంటనే వచ్చింది. మా సైన్సు టీచరు యాడ దొరుకుతాయని అడిగింది. దానమ్మ ముట్టలేదు. పోయేటప్పుడు మాత్రం, కొడుక్కి ఇష్టమని రెండు కట్టించుకుంది. ఆదివారం నుంచి ఆయమ్మ సంఘంలో నా గురించి ఏమంటాండాదో నాకు వార్తలు వస్తానే ఉండాయి. తర్వాతెప్పుడైనా రాస్తా, అందులో కొన్ని బాగానే ఉండాయి.

నీ మీద రాసిన 'మీరు' వెనక్కి తీసుకుంటాండా. హెప్సీని నువ్వు వేలు పట్టుకొని నడిపించిన మాట నిజం. నేను బడికి పోయి వేరేవాళ్ళ బిడ్డల్ని నడిపిస్తాంటి.

అందరూ పోయినాక మేము ముగ్గురం మిగిలిన అన్నం, పప్పు పెట్టుకొని కూసున్నాము. మీ రాజేంద్రన్న తిని టీవీ దగ్గరికి పోయినాడు. హెప్సీ కంచంలో వేలితో గీతలు గీస్తాండె. నేను ఏమీ అడగలేదు. తిన్నావా అని కూడా అడగలేదు, కండ్లెదుటే తింటాండాది కదా.

ఉన్నట్టుండి అనింది, "అమ్మా, మొన్న ల్యాబులో ఏం జరిగిందో తెలుసా" అని.

ఈస్టరు తర్వాత అది నాతో అట్ల మొదలుపెట్టడం ఇదే. ఏదో పాల ట్యాంకరు వచ్చిందంట, డ్రైవరు ఏదో అన్నాడంట, వీళ్ళ మేనేజరు ఇంకేదో అన్నాడంట. నువ్వు అడిగితే ఆ కత నేను చెప్పలేను. సగం కూడా చెవిలో పడలేదు. అది చేతులు తిప్పుకుంటా, నవ్వుకుంటా చెప్తాంటే, చెయ్యెండిపోయేదాకా చూస్తా కూసున్నా.

జెమీమా